అప్పుడప్పుడు మాత్రమే తీసే పాత కారు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారి 1986 అంబాసిడర్ కాకినాడలో మా పాత ఇంటి షెడ్డులో ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను. నెలకు రెండుసార్లు వెళ్లి దాన్ని బయటికి తీస్తాను. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఫోన్లు మొదలయ్యాయి. తాతగారి ఫియట్ ఉన్నవాళ్లు, పద్మినీ ఉన్నవాళ్లు, కాంటెస్సా, తొలినాళ్ల మారుతీ 800 దాచుకున్నవాళ్లు అందరూ దాదాపు ఒకే సందేహాలు అడుగుతున్నారు. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఎవరికి ఏది కావాలో నేరుగా అదే చదువుకోవచ్చు.

## అసలు ఎంత తిప్పాలి

తిప్పకుండా దాచి పెడితేనే కదా బండి కొత్తగా ఉండేది?

అందరూ అనుకునేది అదే. కానీ పాత బళ్లు తిరిగి అరిగిపోవడం కన్నా మూలన పడి పాడైపోవడమే ఎక్కువ. ఇంజిన్ లోపలి ఆయిల్ పొర మెల్లగా కిందికి జారిపోతుంది, సిలిండర్ గోడలు గాలికి బయటపడతాయి. వాటర్ పంపు, గేర్‌బాక్సు సీళ్లు తడి లేక ఎండి గట్టిపడతాయి. కార్బ్యురేటర్‌లో పెట్రోల్ ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. బ్రేక్ వీల్ సిలిండర్లలో పిస్టన్లు బిగుసుకుంటాయి. వీటిలో ఏదీ బయటికి కనిపించదు. పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. కొన్నేళ్లకు తాళం తిప్పిన రోజున అన్నీ ఒక్కసారే బయటపడతాయి.

రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నాను. అది చాలదా?

చాలదు. పైగా అది చెడు చేస్తుంది. ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే ఆ నీరు ఆవిరిగా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో ఆపేస్తే సైలెన్సర్ లోపల, ఆయిల్ ఛాంబర్‌లో నీటి చుక్కలుగా మిగిలిపోతుంది. ఆయిల్ మూత తిప్పి లోపలివైపు చూడండి. మజ్జిగ నురగలాంటి పూత కనిపిస్తే అది ఈ నీరే.

దీనికి తోడు చల్లటి ఇంజిన్‌కు చోక్ లాగితే పెట్రోల్ ఎక్కువ వెళ్లి, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ఆల్టర్నేటర్ కాకుండా డైనమో ఉన్న బళ్లలో ఐడిలింగ్ మీద బ్యాటరీ ఛార్జ్ కూడా కాదు. సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయినంత కరెంటు కూడా వెనక్కి రాదు. తీసి రోడ్డెక్కించే వీలు లేనప్పుడు స్టార్ట్ చేయకుండా వదిలేయడమే నయం.

మరి ఎన్నాళ్లకోసారి తీయాలి, ఎంత దూరం పోవాలి?

పదిహేను రోజులకోసారి, 20 నుంచి 25 కిలోమీటర్లు. నా అనుభవంలో ఇది మిగతా జాగ్రత్తలన్నిటి కన్నా ఎక్కువ పని చేస్తుంది. దూరం ఎందుకంటే, టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చేసరికి రేడియేటర్ నీళ్లు మాత్రమే వేడెక్కి ఉంటాయి. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. దానిలోని తేమ పోవాలంటే అది బాగా కాగాలి. అందుకని ఊళ్లో ఫస్ట్, సెకండ్ గేర్లలో తిప్పడం కన్నా టాప్ గేర్‌లో ఆగకుండా అరగంట పోయే రోడ్డు చూసుకోండి. నేను తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరి పిఠాపురం దాకా వెళ్లి వస్తాను.

దారిలో అన్నీ వాడండి. హెడ్‌లైట్లు, వైపర్లు, హారన్, నాలుగు కిటికీలు, అన్ని గేర్లు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట రెండు మూడుసార్లు బ్రేక్ గట్టిగా వేయండి. డ్రమ్ముల లోపలి తుప్పు పొర అప్పుడే రాలిపోతుంది.

మేం అమెరికాలో ఉంటాం. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంది. కారు ఎవరు చూస్తారు?

అమ్మగారి మీద ఆ భారం పెట్టకండి. హ్యాండ్ గేర్ (స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు ఉండే) బళ్లు నడిపిన పెద్ద వయసు డ్రైవర్ గానీ, రిటైరైన మెకానిక్ గానీ ఇప్పటికీ ప్రతి ఊళ్లో ఒకరైనా దొరుకుతారు. నెలకు రెండు ట్రిప్పులని మాట్లాడుకుని, ట్రిప్పుకు ఇంత అని ఇవ్వండి. ప్రతిసారీ మూడు ఫోటోలు పంపమనండి: బయల్దేరేముందు మీటర్ రీడింగ్, తిరిగొచ్చాక మీటర్ రీడింగ్, అప్పటి టెంపరేచర్ ముల్లు. ఈ మూడూ ఉంటే బండి నిజంగా తిరిగిందా, వేడెక్కిందా అన్నది మీకే తెలిసిపోతుంది.

అలాంటివాళ్లు ఎవరూ దొరక్కపోతే సగం సగం తిప్పించడం కన్నా పెట్రోల్ తీసేసి, బ్యాటరీ ఊడదీసి, బండిని స్టాండ్ల మీద ఎక్కించి పెట్టడం మేలు. మీరు వచ్చినప్పుడు పద్ధతి ప్రకారం లేపుకోవచ్చు.

## ఆపి పెట్టేముందు

ట్యాంకు నింపి పెట్టాలా, ఖాళీ చేయాలా?

ఎన్నాళ్లు ఆపుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. పాత బళ్లవి రేకు ట్యాంకులు. సగం ఖాళీగా ఉంటే పైభాగంలో రాత్రిపూట తేమ పట్టి తుప్పు వస్తుంది. అందుకే రెండు నెలల లోపైతే నింపి పెట్టండి. అంతకు మించితే పెట్రోల్ పాతబడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా. నీరు మరీ ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజిన్‌కు పెట్రోల్ వెళ్లేది ఆ అడుగునుంచే.

నాలుగైదు నెలలు, ఆ పైన ఆపేటట్టయితే ట్యాంకు ఖాళీ చేయించి, కార్బ్యురేటర్‌లో ఉన్నది కూడా అయిపోయి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. తీసిన పెట్రోల్‌ను వెంటనే ఇంకో బండిలో పోసేయండి. షెడ్డులో డబ్బాల్లో దాచవద్దు.

ఈ20 పెట్రోల్ వల్ల నా పాత బండి పాడైపోతుందా?

బండి పాడైపోదు గానీ బండిలోని పాత రబ్బరు పాడవుతుంది. అది ముందే మార్చుకుంటే టెన్షన్ పడక్కర్లేదు. మన దేశంలో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలపడం అంతటా వచ్చేసింది. 1980ల నాటి పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రం, కార్బ్యురేటర్ వాషర్లు ఇథనాల్ ఊసే లేని రోజుల్లో చేసినవి. అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, చివరకు చిట్లుతాయి. చిట్లిన పైపు నుంచి వేడి మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను సైలెన్సర్‌కు తెచ్చే గొట్టం) మీద పెట్రోల్ పడితే బండి అంటుకుంటుంది. నేను ఈ విషయంలో అందరినీ బతిమాలేది అందుకే. ఇంకేం చేయకపోయినా పైపులు మార్చండి.

పైపు కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునేదని అడిగి తీసుకోండి. పైపు మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉంటే మంచిది. ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని ఇథనాల్ కరిగించి ముందుకు తోస్తుంది కాబట్టి, పంపుకు ముందు లోపల కనిపించే ఫిల్టర్ ఒకటి పెట్టించండి. మొదటి రెండు ట్యాంకులు అయ్యేలోపు అది గోధుమరంగుకు తిరిగితే కంగారు వద్దు, మార్చేయండి. ఈ20 మీద ఇంజిన్ కొంచెం పలచటి మిశ్రమంతో (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) నడుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు తడబడుతుంటే కార్బ్యురేటర్ తెలిసిన మెకానిక్‌తో ట్యూనింగ్ చేయించండి.

ఏడాదిలో 500 కిలోమీటర్లు కూడా తిరగలేదు. అయినా ఇంజిన్ ఆయిల్ మార్చాలా?

మార్చాలి, ఏడాదికోసారి. వాడిన ఆయిల్‌లో పెట్రోల్ కాలగా వచ్చిన ఆమ్లాలు, తేమ చేరి ఉంటాయి. అవి బేరింగుల మీద అలాగే కూర్చుంటాయి. అందుకే ఎక్కువ రోజులు ఆపేముందు మార్చడం మంచిది, తీసినప్పుడు మార్చుదాంలే అనుకోవద్దు.

చిక్కదనం 20డబ్ల్యూ-40 గానీ 20డబ్ల్యూ-50 గానీ అని డబ్బా మీద ఉన్న మామూలు ఆయిల్ చాలు. ఖరీదైన పల్చటి సింథటిక్ ఆయిల్ పాత సీళ్ల దగ్గర కారడం తప్ప ప్రయోజనం ఉండదు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్, పద్మినీ 1089 సీసీ ఇంజిన్ రెండిట్లోనూ ట్యాపెట్లు కామ్ షాఫ్ట్ మీద రాసుకుంటూ తిరిగేవే. వాటికి జింకు ఎక్కువ ఉన్న ఆయిల్ కావాలి. కొత్త కార్ల ఆయిల్స్‌లో జింకు తగ్గించేశారు.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది? మా నాన్న ఎప్పుడూ అవే పోసేవారు.

ఆ రోజుల్లో బండి రోజూ తిరిగేది, రెండేళ్లకోసారి రేడియేటర్ విప్పి రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం) చేయించేవారు. ఇప్పుడు ఆ రెండూ లేవు. బోరు నీళ్లలోని సున్నం టీ గిన్నె అడుగున పట్టినట్టే ఇంజిన్ బ్లాకు లోపల పడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో పాత ఇత్తడి రేడియేటర్లకు సరిపడే ఆకుపచ్చ కూలెంట్ సగానికి సగం కలిపి పోయండి. రెండేళ్లకోసారి మార్చండి. మన దగ్గర గడ్డకట్టే చలి లేకపోయినా, కూలెంట్ తుప్పును ఆపుతుంది కాబట్టి అది కావాలి.

షెడ్డులో పెట్టేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయొచ్చా?

వేయొద్దు. చక్రానికి ముందూ వెనకా ఇటుకలు గానీ చెక్క దిమ్మెలు గానీ పెట్టండి. ఒక వానాకాలం మేం ఊరికెళ్లలేక హ్యాండ్ బ్రేక్ మీదే మూడు నెలలు వదిలేశాం. వచ్చి లీవర్ దించితే లీవర్ దిగింది గానీ వెనక చక్రాలు కదల్లేదు. బ్రేక్ షూ డ్రమ్ముకు అతుక్కుపోయింది. మెకానిక్ చక్రం విప్పి, డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు. అరగంట తర్వాత టప్పుమని వదిలింది. ఊడదీసి చూస్తే ఎర్రటి తుప్పు పొడి, దాని మీద షూ ఆకారంలో అచ్చు పడి ఉంది. ఒక పక్క లైనింగ్ ఊడి డ్రమ్ముకే అంటుకుపోయింది. రెండు ఇటుకలతో తప్పిపోయేది.

టైర్లకు గుండీలు బాగానే ఉన్నాయి. అయినా మార్చమంటున్నారేంటి?

రబ్బరు అరగకపోయినా ముసలిదవుతుంది. టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పదేళ్లు దాటితే గుండీలు ఎంత లోతున్నా హైవే మీదికి తీసుకుపోవద్దు. ఆరేడేళ్లకే పక్కగోడల్లో సన్నటి బీటలు కనిపిస్తే అప్పుడే మార్చండి. అంబాసిడర్ 5.90-15, పద్మినీ 5.20-14 సైజులు ప్రతి షాపులో ఉండవు. ముందే చెప్పి తెప్పించుకోవాలి. ఆపి పెట్టేటప్పుడు మామూలు కన్నా ఐదు పాయింట్లు ఎక్కువ గాలి పెట్టండి. స్టెప్నీని కూడా చూడండి. అందరూ మర్చిపోయేది అదే.

## షెడ్డులో ఉన్నన్నాళ్లూ

ప్రతిసారీ బ్యాటరీ డౌన్ అవుతోంది. ఏం చేయాలి?

బాడీకి కలిసిన తీగ ఊడదీసి పెట్టండి. మన బళ్లలో ఎక్కువగా అది మైనస్. కొన్ని పాత బ్రిటిష్ బళ్లలో మాత్రం ప్లస్ బాడీకి కలిసి ఉంటుంది, చూసుకుని తీయండి. చిన్న మల్టీమీటర్ ఒకటి కొనుక్కుంటే సగం అనుమానాలు తీరిపోతాయి. బండి ఆపిన మర్నాడు చూస్తే 12.6 వోల్టులు ఉండాలి. 12.4 కు దిగితే ఛార్జ్ పెట్టండి. 12 కన్నా దిగి అలా వారాలు ఉంటే ప్లేట్ల మీద గట్టి తెల్లటి పొర పడుతుంది. ఆ బ్యాటరీ మళ్లీ పూర్తిగా కోలుకోదు. తీగ తీసినా డౌన్ అవుతుంటే తప్పు బండిది కాదు, బ్యాటరీకే వయసైపోయింది.

నిండగానే దానంతటదే తగ్గించుకునే ఛార్జర్లు దొరుకుతున్నాయి. షెడ్డులో ప్లగ్ పాయింట్ ఉంటే అది తగిలించి వదిలేయొచ్చు.

ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయి. నాఫ్తలీన్ ఉండలు పని చేస్తాయా?

కొన్నాళ్లు చేస్తాయి. పొగాకు కాడలూ అంతే. వాసన తగ్గగానే మళ్లీ వస్తాయి, నెలకోసారి మార్చాలి. ఎలుక వచ్చేది తిండికో గూటికో. షెడ్డులో ధాన్యం బస్తాలు, పాత గుడ్డలు, కోళ్ల దాణా ఉంటే ముందు అవి తీసేయండి. ఎయిర్ క్లీనర్ మూతిని, సైలెన్సర్ గొట్టాన్ని సన్నటి ఇనుప జాలీతో కట్టండి. సీటు కింద, డిక్కీలో, బానెట్ లోపలి మూలల్లో టార్చి వేసి చూడండి. కొబ్బరి పీచు, చింపిన కాగితాలు కనబడితే గూడు మొదలైందన్నమాట.

సైలెన్సర్ మూసిన సంగతి మర్చిపోకుండా స్టీరింగ్‌కు ఒక అట్టముక్క కట్టండి. దాని మీద ఏవి మూశారో, ఏవి ఊడదీశారో, ఏ తేదీన చేశారో రాయండి. మా బండికి నాన్నగారు వాడిన పెళ్లి శుభలేఖ వెనకవైపే ఇప్పటికీ ఆ జాబితా ఉంది.

టార్పాలిన్ కప్పి ఉంచాను. బాగానే ఉంటుంది కదా?

ప్లాస్టిక్ టార్పాలిన్ వెంటనే తీసేయండి. కింద నేలనుంచి వచ్చే తేమ దాని లోపల చిక్కుకుంటుంది. పొద్దున్నే ఎత్తి చూస్తే పైకప్పు చెమట పట్టినట్టుంటుంది. గాలి ఆడే నూలు గుడ్డ కవర్ కప్పండి, అది కూడా బండి కడిగి దుమ్ము పోయాకే. దుమ్ము మీద కప్పితే గాలికి కవర్ కదిలినప్పుడల్లా పెయింట్ గీసుకుంటుంది. నేల మట్టిదైతే బండి కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరవండి.

మాది విశాఖ, బీచ్‌కు దగ్గర. తుప్పు ఎలా ఆపాలి?

పూర్తిగా ఆపలేరు, బాగా నెమ్మది చేయగలరు. ఉప్పుగాలి పట్టినచోట మొదట పోయేది తలుపుల అడుగులు, పక్క గడపలు, కాళ్ల కింద ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ కింది రేకు. తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుంటే వాన నీళ్లు తలుపులోనే నిలిచిపోతాయి. ఒక చీపురు పుల్ల తీసుకుని ప్రతి తలుపు అడుగునా గుచ్చండి. మా వెనక ఎడమ తలుపులో అలా గుచ్చితే ఒక గ్లాసుడు నల్లటి నీళ్లు కారాయి. ఇది పైసా ఖర్చు లేని పని, వానాకాలంలో నెలకోసారి చేయండి.

ఫ్లోరు మ్యాట్లు ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే ఎండబెట్టండి. సముద్రం పక్క రోడ్డు మీద తిరిగొచ్చిన రోజు బండి అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడగండి. క్రోమ్ బంపర్లకు పల్చగా వ్యాజలైన్ రాస్తే చాలు.

అడుగున నల్లటి రబ్బరు కోటింగ్ కొట్టించేవాళ్లకు ఒక మాట. తుప్పు గీకించకుండా దాని మీదే కొట్టిస్తే, తుప్పు లోపల హాయిగా పెరుగుతుంది, మీకు కనిపించదు. ముందు గీకించి, ప్రైమర్ వేయించి, తర్వాతే కోటింగ్. పాత ఆయిల్, డీజిల్ కలిపి కొట్టే అలవాటు ఇంకా ఉంది. అది కమాన్ల (స్ప్రింగ్ పట్టీల) బుష్‌ల రబ్బరును తినేస్తుంది, బ్రేకుల మీద పడితే ప్రమాదం కూడా.

సీట్లకు బూజు పట్టి వాసన వస్తోంది.

కిటికీలు అర అంగుళం దించి ఉంచండి, ఎలుక దూరకుండా సన్న జాలీ పెట్టండి. ఎండ ఉన్న రోజున తలుపులన్నీ తెరిచి రెండు గంటలు వదిలేయండి. ఎండిన వేపాకు గుడ్డ సంచిలో కట్టి సీటు కింద పెట్టొచ్చు. తలుపుల రబ్బరు బీడింగ్‌కు కొంచెం గ్లిజరిన్ రాస్తే అతుక్కోకుండా ఉంటుంది.

## మళ్లీ బయటికి తీసేటప్పుడు

నాలుగేళ్లుగా కదల్లేదు. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టేయమంటారా?

దయచేసి కొట్టకండి. పొడిబారిన సిలిండర్‌లో రింగులు తుప్పుకు అంటుకుని ఉంటే ఆ ఒక్క తిప్పుకే విరుగుతాయి. ముందు ప్లగ్గులు నాలుగూ తీయండి. ఒక్కో రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి ఒక రాత్రంతా వదిలేయండి. మర్నాడు బండిని టాప్ గేర్‌లో పెట్టి, ఇద్దరు మనుషులు మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపండి. ఫ్యాన్ కొంచెం కొంచెంగా కదిలితే ఇంజిన్ పట్టుకోలేదని అర్థం. కదలకపోతే బలం ఉపయోగించకుండా ఇంకో రెండు రోజులు ఆయిల్‌లో నాననివ్వండి.

ఫ్రీగా తిరిగాక పాత ఆయిల్ దించి కొత్తది పోయండి. ప్లగ్గులు పెట్టకుండానే, కాయిల్ వైరు తీసేసి, సెల్ఫ్ కొన్ని సెకన్ల చొప్పున కొట్టండి. ఆయిల్ గేజీ లేచేదాకా, లేదా ఆయిల్ లైటు ఆరేదాకా. ఆయిల్ పైకి చేరిందన్న నమ్మకం కుదిరాకే ప్లగ్గులు బిగించండి. ట్యాంకులోని పాత పెట్రోల్ వాడొద్దు. వాసన వార్నిష్‌లా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టగానే తెలుస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లను (స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్టులను) శుభ్రం చేసి, సందు 0.4 మిల్లీమీటర్ల దగ్గర పెట్టించండి. ఇన్నేళ్లు ఆగిన బండి స్టార్ట్ కాకపోవడానికి చాలాసార్లు కారణం పాయింట్ల మీద పట్టిన చిలుమే.

ఇవన్నీ అయ్యాక కూడా బ్రేకులు చూడకుండా షెడ్డు దాటొద్దు.

బ్రేక్ పెడల్ మెత్తగా కిందికి పోతోంది. ఆయిల్ పోస్తే సరిపోతుందా?

సరిపోదు. బ్రేక్ ఆయిల్ తగ్గిందంటే అది ఎక్కడికో పోతోందని. నాలుగు చక్రాల డ్రమ్ములు తీయించి వీల్ సిలిండర్లు చూడండి. రబ్బరు కప్పులు తడిగా ఉంటే నాలుగూ ఒకేసారి మార్చండి, ఒకటి మార్చి మిగతావి వదిలేస్తే నెల తిరక్కముందే ఇంకోటి కారుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీరే సిలిండర్లను లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది, వేడెక్కినప్పుడు ఆవిరై పెడల్‌ను మెత్తబరుస్తుంది. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మొత్తం మార్చండి. ఎప్పుడో తెరిచి పెట్టిన డబ్బాలోది వాడొద్దు.

క్లచ్ నొక్కినా గేరు పడటం లేదు.

క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుని ఉండొచ్చు. వానాకాలం తర్వాత ఇది మామూలే. ముందు ఇంజిన్‌ను బాగా వేడెక్కనిచ్చి ఆపండి. మైదానంలాంటి ఖాళీ జాగాలో, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని, టాప్ గేర్‌లో పెట్టి, క్లచ్ పూర్తిగా నొక్కి, బ్రేక్ మీద కాలు పెట్టి సెల్ఫ్ ఒక్కసారి తాకించండి. రెండు మూడుసార్లకు వదలకపోతే ఆపేసి మెకానిక్‌ను పిలవండి. ఎక్కువసేపు ఆపేటట్టయితే క్లచ్ పెడల్‌ను సీటుకూ దానికీ మధ్య ఒక కర్ర పెట్టి నొక్కి ఉంచే పద్ధతి కొందరు పాటిస్తారు. ఒకటి రెండు నెలలకు అది పనికొస్తుంది.

మే నెలలో సిగ్నల్ దగ్గర ఆగితే మళ్లీ స్టార్ట్ కాదు. చల్లారాక మామూలుగా ఉంటుంది.

పెట్రోల్ పంపులో, పైపులో ఉడికి ఆవిరవుతోంది. పాత డ్రైవర్లు చేసినట్టే తడిగుడ్డ పెట్రోల్ పంపు మీద వేసి పది నిమిషాలు ఆగండి, స్టార్ట్ అవుతుంది. శాశ్వతంగా పోవాలంటే పెట్రోల్ పైపును సైలెన్సర్ మానిఫోల్డ్‌కు దూరంగా జరిపించండి, ఫ్యాన్ బెల్టు బిగువు చూడండి, రేడియేటర్ మందగించిందేమో పరీక్ష చేయించండి.

వరద నీళ్లలో మునిగింది. నీళ్లు తగ్గాయి, స్టార్ట్ చేయొచ్చా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లు తగ్గగానే తాళం తిప్పి చూసినవాళ్లే ఎక్కువ నష్టపోయారు. నీరు నొక్కుకుపోదు. సిలిండర్‌లో నీళ్లుండగా పిస్టన్ లేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు బ్యాటరీ తీసేయండి. తర్వాత ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, వెనక యాక్సిల్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, పెట్రోల్ అన్నీ దించేయాలి. చక్రాల బేరింగులు విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టించాలి. సీట్లు, మ్యాట్లు మొదటి రోజే బయటికి తీసి ఎండలో వేయండి. ఒక మంచి మాట ఏమిటంటే, పాత బళ్లలో కంప్యూటర్ లేదు. ఓపిక ఉంటే మునిగిన అంబాసిడర్ తిరిగి లేస్తుంది.

గ్రీజు ఎప్పుడు కొట్టించాలి?

ఆరు నెలలకోసారి, కిలోమీటర్లతో సంబంధం లేకుండా. ముందు చక్రాలు పక్కకు తిరిగే కింగ్ పిన్నుల దగ్గర పాత గ్రీజు పూర్తిగా బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టమనండి.

లెడ్ లేని పెట్రోల్ వల్ల వాల్వులు పోతాయంటారు. నిజమా?

దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుంచి లెడ్ పెట్రోల్ ఆగిపోయింది. ఇంజిన్‌ను గంటల తరబడి గరిష్ఠ వేగంతో నడిపేవాళ్లకు ఆ భయం ఉంటుంది. నెలకు రెండుసార్లు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాళ్లు దాని గురించి ఆలోచించక్కర్లేదు. ఎప్పుడైనా హెడ్ విప్పాల్సి వస్తే అప్పుడు గట్టి వాల్వ్ సీట్లు వేయించుకోండి.

స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

అంబాసిడర్ 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారైంది కాబట్టి దానికి ఇబ్బంది తక్కువ. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, చెన్నై పుదుపేటలో ఓపిగ్గా తిరగండి. పద్మినీకి ముంబయి వైపు చూడాలి. అక్కడ 2023 అక్టోబరు దాకా టాక్సీలుగా తిరిగిన బండి అది. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లండి, ఫోన్‌లో పేరు చెబితే వేరేది ఇస్తారు. రబ్బరు సామాను మాత్రం "పాత స్టాక్, ఒరిజినల్" అని మురిసిపోయి కొనకండి. ఇరవై ఏళ్లు షెల్ఫులో ఉన్న రబ్బరు కప్పు ఇరవై ఏళ్ల ముసలిదే.

## కాగితాలు

ఆర్‌సీ చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఉంది. ఏం చేయాలి?

యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్‌టీఏకు (రవాణా శాఖ ఆఫీసుకు) తెలియజేసి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలని నిబంధన. గడువు దాటిపోయినా మార్పు ఆగదు, ఆలస్య రుసుము పడుతుంది. మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకోండి. అన్నదమ్ములు అందరూ ఒకచోట చేరిన పండగకే సంతకాలు పెట్టించుకోవడం మంచిది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంతకాలే కష్టం.

15 ఏళ్లు దాటిన బండిని తుక్కుకు ఇచ్చేయాలా?

మన రెండు రాష్ట్రాల్లో సొంత కారుకు అలాంటి నియమం లేదు. ఫిట్‌నెస్ ఉంటే ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యూవల్ చేయించుకోవచ్చు. గడువు ముగిసే ముందు 60 రోజుల్లోపు ఫారం 25 పెట్టి, బండిని చూపించాలి. 15 ఏళ్లు దాటిన కారుకు 2022 ఏప్రిల్ నుంచి రుసుము 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటినదానికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆలస్యం చేస్తే నెలనెలా జరిమానా పెరుగుతుంది.

ఆంధ్రా నంబరు బండిని హైదరాబాద్ తెచ్చి ఉంచుకోవచ్చా?

12 నెలల దాకా ఉంచుకోవచ్చు. అంతకు మించి ఇక్కడే ఉంచేటట్టయితే అక్కడి ఆర్‌టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించాలి. నంబరు మారిపోతుంది. పాత నంబరు మీద మమకారం ఉన్నవాళ్లు బండిని ఊళ్లోనే ఉంచడం మంచిది. మా బండి కాకినాడలోనే ఉండటానికి అది ఒక కారణం.

వింటేజ్ నంబరు తీసుకోవచ్చా?

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి ఇస్తారు. 2021 జూలైలో ఈ నిబంధనలు వచ్చాయి. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. రుసుము 20,000, చెల్లుబాటు పదేళ్లు, తర్వాత 5,000. తీసుకునేముందు బాగా ఆలోచించండి. వింటేజ్‌గా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోల్‌కు, రిపేర్లకు మాత్రమే రోడ్డెక్కించాలి. ఆదివారం కుటుంబంతో గుడికి వెళ్లాలనుకుంటే మామూలు రెన్యూవలే మీకు తగినది.

ఇన్సూరెన్స్‌లో బండి విలువ 20,000 అని వేశారు. నేను పెట్టింది నాలుగు లక్షలు.

ఐదేళ్లు దాటిన బళ్లకు, తయారీ ఆగిపోయిన మోడళ్లకు విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ఏజెంటు కంప్యూటర్ చూపించిన అంకెకు ఒప్పుకోవద్దు. బిల్లులు, నాలుగు వైపుల ఫోటోలు, వాల్యూయర్ రిపోర్టు జతచేసి ఇంత విలువ వేయమని రాతపూర్వకంగా అడగండి. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీని అడగండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) మాత్రం ఒక్క రోజు కూడా ఖాళీ పడనివ్వకండి, పదిహేను రోజులకోసారి తీసే ఆ 20 కిలోమీటర్లకు కూడా అది ఉండాల్సిందే.